ఇంటర్‌తో పాటే టీచర్ కోచింగ్: బ్రాడీపేట కోర్సులో ఆదివారం క్లాసు ఒక్కటే కొనుక్కోండి

గుంటూరు బ్రాడీపేట, అరండల్‌పేట లైన్లలో నీట్, జేఈఈ బోర్డుల సందున ఇప్పుడు ఇంకో రకం బోర్డు వేలాడుతోంది: ‘ఇంటర్ చదువుతూనే టీచర్ కోచింగ్’. కారణం కోసం వెతకక్కర్లేదు. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు పడ్డాయి, అందులో ఎస్జీటీలే, అంటే ప్రాథమిక తరగతుల టీచర్లే, వేలల్లో. అంతకుముందు డీఎస్సీ అంటే డిగ్రీలు, బీఎడ్‌లు అయిపోయి కోచింగ్‌కు పేరున్న అవనిగడ్డలో గది తీసుకుని చదివేవాళ్ల సంగతి. ఇప్పుడు ఆ మాట ఇంటర్ పిల్లల ఇళ్లలోకి వచ్చింది. ఈ సమీక్ష బ్రాడీపేటలో నడిచే అలాంటి ఒక కోర్సు గురించి. సెంటరు పేరు రాయడం లేదు. ఇక్కడ చూసిన మంచిచెడ్డలతో ఏ సెంటరునైనా కొలుచుకోవచ్చు.

కోర్సు ఆరు నెలలు, ఇంటర్ రెండో ఏడాది వాళ్లకి. సోమవారం నుంచి శుక్రవారం దాకా సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది వరకు బిట్ల క్లాసు. ఆదివారం ఉదయం తొమ్మిది నుంచి పన్నెండు వరకు ప్రాక్టీసు క్లాసు. ఫీజు 16,000 అని బోర్డు మీద ఉంటుంది. 18 శాతం జీఎస్టీ కలిపితే కట్టేది 18,880. ఆదివారం క్లాసు ఒక్కటే కావాలంటే 6,000, జీఎస్టీతో 7,080. ఈ రెండో ధర కరపత్రంలో ఎక్కడా లేదు, కౌంటరులో అడిగితేనే చెబుతారు. అడగండి. ఈ సెంటరులో కొనదగిన సరుకు అదే.

బిట్ల క్లాసు పూర్తిగా దండగ అనలేం. సోషల్ చెప్పే ఆయన మ్యాపు గీసి చెబుతాడు, తెలుగు వ్యాకరణం కూడా బాగానే నడుస్తుంది. అసలు తప్పు ఆ క్లాసు దేనికోసం అన్న దగ్గరే ఉంది. ‘డీఈఈసెట్‌కీ, ఎన్‌సెట్‌కీ ఒకే కోచింగ్ సరిపోతుంది’ అని కౌంటరులో అంటారు. ఆ రెండు పరీక్షలకీ పోలిక తక్కువ. డీఈఈసెట్ రాష్ట్రం పెట్టేది, రెండేళ్ల డీఎడ్ సీటు కోసం, అంటే చిన్న తరగతుల టీచర్ శిక్షణ కోసం. రెండు గంటల్లో 100 ప్రశ్నలు. 60 మార్కులు హైస్కూలు పాఠాలు, భాషలు, జీకే, బోధనాభిరుచి మీద. మిగతా 40 ఇంటర్‌లో చదివిన సబ్జెక్టు మీద. తప్పుకు కోత లేదు. ఎన్‌సెట్ జాతీయ పరీక్ష, నాలుగేళ్ల ఐటెప్ కోసం, అంటే డిగ్రీ, బీఎడ్ కలిసిన కోర్సు కోసం. 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు. రెండు భాషలకు ఇరవై చొప్పున, ఎంచుకున్న మూడు సబ్జెక్టులకు ఇరవై అయిదు చొప్పున, జనరల్ టెస్టుకు ఇరవై అయిదు, బోధనాభిరుచికి ఇరవై. ఒప్పుకు 4 మార్కులు, తప్పుకు 1 కోత. ప్రశ్నకు దొరికే సమయం రెండింట్లోనూ ఇంచుమించు ఒకటే, అక్కడ 72 సెకన్లు, ఇక్కడ 67. తేడా అంతా సిలబస్‌లో, కోతలో ఉంది.

ఆ కోత గురించి ఇక్కడ చెప్పే సలహా ‘డౌటుంటే వదిలెయ్’. లెక్క వేస్తే ఇది తప్పు. నాలుగు జవాబుల్లో కళ్లు మూసుకుని ఒకటి పెడితే, నాలుగుసార్లలో ఒకసారి 4 వస్తుంది, మూడుసార్లు ఒక్కొక్కటి పోతుంది. సగటున ప్రశ్నకు పావు మార్కు లాభమే. నాలుగింట్లో ఒకటి కచ్చితంగా కాదని తీసేయగలిగితే లాభం మార్కులో మూడింట రెండు వంతులకు పెరుగుతుంది, రెండు తీసేస్తే ఒకటిన్నరకు. నేర్పాల్సింది వదిలేయడం కాదు, తీసేయడం. ఏ జవాబు ఎందుకు కాదో చెప్పించే అభ్యాసం ఈ క్లాసులో ఒక్కరోజూ జరగదు. పైగా వారం పరీక్షలన్నీ కోత లేకుండానే పెడతారు, దాంతో పిల్లలు ఆ లెక్కకు అలవాటే పడరు.

దారి ఎంచుకోవడం గురించి ఈ సెంటరు చెప్పేదాంట్లో ఇంకా పెద్ద పొరపాటు ఒకటుంది. ‘బీఎడ్ చేస్తే ఎస్జీటీకీ, స్కూల్ అసిస్టెంట్‌కీ రెండింటికీ పనికొస్తుంది’ అని కరపత్రంలో అచ్చేశారు. స్కూల్ అసిస్టెంట్ అంటే హైస్కూలు సబ్జెక్టు టీచరు. కరపత్రం మాట పాత సంగతి. బీఎడ్ వాళ్లను ప్రాథమిక తరగతులకు అనుమతిస్తూ ఎన్‌సీటీఈ (టీచర్ కోర్సులకు గుర్తింపునిచ్చే జాతీయ మండలి) 2018లో ఇచ్చిన నోటిఫికేషన్ చెల్లదని 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఒకటి నుంచి అయిదు తరగతులకు చెప్పాలంటే బీఎడ్ చాలదు, డీఎడ్ లాంటి ప్రాథమిక స్థాయి అర్హత కావాలి. ఈ వాక్యం నమ్మి డిగ్రీ, బీఎడ్ అని అయిదేళ్లు పెట్టిన పిల్ల ఎస్జీటీ దరఖాస్తు దగ్గర ఆగిపోతుంది. కరపత్రం దిద్దడానికి ఎంతసేపు పడుతుంది?

కాబట్టి ఏ సెంటరులో అడుగు పెట్టకముందే ఇంట్లో కూర్చుని తేల్చుకోవాల్సింది ఒకటుంది. చిన్నపిల్లలకు చెప్పడం ఇష్టమా, హైస్కూలు సబ్జెక్టు చెప్పడం ఇష్టమా? మొదటిదైతే డీఎడ్ రెండేళ్లు. కృష్ణా వైపు అంగలూరులో, గుంటూరు వైపు బోయపాలెంలో డైట్‌లు, అంటే ప్రభుత్వ డీఎడ్ కాలేజీలు ఉన్నాయి. ర్యాంకు వస్తే అక్కడే చేరండి. కౌంటరులో వాటి పేర్లు చెప్పరు, ఒక ప్రైవేటు డీఎడ్ కాలేజీ పేరు మాత్రం రెండుసార్లు చెబుతారు. ఆ కాలేజీకి ఎన్‌సీటీఈ గుర్తింపు ఉత్తర్వు చూపించమనండి, హాజరు ఎలా వేస్తారో అక్కడ చదువుతున్న పిల్లల్నే అడగండి. రెండోదైతే రెండు దారులు. ఒకటి, డిగ్రీ చేసి, ఎడ్‌సెట్ రాసి, రెండేళ్ల బీఎడ్. ఇది మూడు, రెండు అయిదేళ్లు. ఇంకొకటి ఐటెప్ నాలుగేళ్లు. ఐటెప్ ఉన్న చోట్ల తిరుపతి జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయం, వరంగల్ నిట్ ఉన్నాయి. మైసూరు ఆర్‌ఐఈ (ప్రాంతీయ విద్యా సంస్థ) అయితే దక్షిణాది రాష్ట్రాల కోసమే 1963లో పెట్టిన సంస్థ. మ్యాథ్స్‌లో, సైన్సులో గట్టిగా ఉన్న పిల్లలకు మైసూరు గురించి చెప్పకపోవడం ఈ సెంటరు చేసే ఇంకో అన్యాయం.

ఏ దారైనా చివర టెట్, అంటే టీచర్ అర్హత పరీక్ష ఉంటుంది. 150 మార్కులకు ఓసీలకు 90, బీసీలకు 75, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 60 రావాలి. డీఎస్సీలో టెట్‌కు 20 శాతం వెయిటేజీ. సర్టిఫికెట్ జీవితకాలం చెల్లుతుంది. ఈ సమాచారం వరకు ఇంటర్ పిల్లకు చాలు. ఇక్కడ మాత్రం టెట్ సైకాలజీని ఇప్పుడే మొదలుపెట్టి, పిల్లల ఆలోచన ఎదిగే తీరు మీద పియాజే చెప్పిన దశలు, నీతి ఎదిగే తీరు మీద కోల్‌బర్గ్ చెప్పిన స్థాయిలు వయసులతో సహా బట్టీ కొట్టిస్తారు. చిన్నపిల్లల మధ్య ఒక్కరోజు కూడా గడపనివాళ్లకు ఆ దశలు రైళ్ల టైంటేబుల్లాగే ఉంటాయి. డీఎడ్‌లోనో బీఎడ్‌లోనో మళ్లీ మొదటినుంచి చదవాల్సిందే.

మెటీరియల్ మూడు స్పైరల్ పుస్తకాలు. సైన్సు బిట్లు పాత పాఠ్యపుస్తకాల నుంచి తీసినవి. రాష్ట్రంలో 2020-21 నుంచి ఏటా కొన్ని తరగతుల పుస్తకాలు మారుతూ వచ్చాయి, పాఠాల వరస కూడా మారింది. దానికి ఈ ప్రతి సరిపోదు. ఆరు నుంచి పది దాకా ఎస్‌సీఈఆర్‌టీ పుస్తకాలు ప్రభుత్వ సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఒక పక్క ఇంగ్లీషు, ఎదురు పేజీలో తెలుగు ఉంటాయి కాబట్టి ఇంగ్లీషు మీడియంలో చదివి తెలుగు పదాలు రాని పిల్లలకు అవే మంచి గైడు. కాగితం పుస్తకమే కావాలంటే విజయవాడ లెనిన్ సెంటరు పాత పుస్తకాల కొట్లలో వెతకండి, అచ్చయిన ఏడాది చూసుకుని.

ఇక ఆదివారం క్లాసు.

దీన్ని సూక్ష్మబోధన పద్ధతిలో నడుపుతారు, అదీ సరైన కొలతలతో. బీఎడ్ కాలేజీల్లోనే చాలాచోట్ల రికార్డులో రాసేసి వదిలేసే పని ఇది. పిల్ల ఆరు నిమిషాలు పాఠం చెబుతుంది. ఆరు నిమిషాలు లోపాలు చెబుతారు. పన్నెండు నిమిషాలు మళ్లీ సిద్ధం కావడానికి. మళ్లీ ఆరు నిమిషాలు పాఠం, ఆరు నిమిషాలు చర్చ. మొత్తం ముప్పై ఆరు. మూడు గంటల్లో ఒక గదిలో అయిదుగురికి వంతు వస్తుంది. ఇక్కడ బ్యాచ్ నలభై, గదులు రెండు, చూసేవాళ్లు ఇద్దరు. అంటే ఆదివారానికి పదిమంది, ఒక్కొక్కరికి నాలుగు వారాలకోసారి, 24 ఆదివారాల్లో ఆరు వంతులు. ఈ లెక్కే ఈ కోర్సు విలువ. బ్యాచ్ అరవై చేస్తే వంతులు నాలుగవుతాయి. ఒక సారు రాని రోజు రెండు గదులు కలిపేస్తే ఆ వారం అయిదుగురికే వంతు. చేరేముందు అడగాల్సిన ప్రశ్నలు రెండే: బ్యాచ్‌లో ఎంతమంది, సారు రాకపోతే ఏం చేస్తారు?

సూక్ష్మబోధనలో పెద్ద చిక్కు ఏమిటంటే, ఎదురుగా నాలుగో తరగతి పిల్లల్లా కూర్చునేది పదిహేడేళ్లవాళ్లు. అన్ని జవాబులూ వాళ్లకు వచ్చు. దాంతో పాఠం చెప్పేవాళ్లకు అంతా సులువుగా తోస్తుంది. ఈ సెంటరు దీనికి మంచి ఉపాయం పట్టింది. పాఠం మొదలయ్యే ముందు ముగ్గురు నలుగురికి చీటీలిస్తారు. ఒక చీటీలో ‘నూట అయిదును 1005 అని రాయి’, ఇంకో దాంట్లో ‘మూడో వంతు సగం కన్నా పెద్దది అను, మూడు పెద్దది కదా అని వాదించు’ అని ఉంటుంది. చెప్పేవాళ్లకు ఆ చీటీల సంగతి తెలియదు. తప్పు జవాబు రాగానే నూటికి తొంభై మంది ‘కాదు, 105’ అనేసి పక్క పిల్లాణ్ణి అడుగుతారు. అక్కడ ఆపి, ఆ పిల్లాడు 1005 ఎందుకు రాశాడో చెప్పమంటారు. నూరు అంటే 100 రాశాడు, దాని పక్కన 5 పెట్టాడు. విన్నది విన్నట్టే రాశాడు, వాడి తర్కం వాడికి ఉంది. దాన్ని దిద్దాలంటే 100 అట్ట మీద కుడి చివరి సున్నా కప్పేలా 5 అట్ట పెట్టి చూపాలి. అప్పుడు ఆ అయిదు వెళ్లి కూర్చున్న చోటు పిల్లాడికి కనపడుతుంది.

భిన్నాలకు కాగితపు పట్టీలు వాడిస్తారు. ఏ4 కాగితాన్ని పొడవునా రెండంగుళాల వెడల్పు పట్టీలుగా కత్తిరించి, ఒకదాన్ని రెండుగా, ఒకదాన్ని మూడుగా మడిచి పక్కపక్కన పెట్టడం. తప్పు జరిగేది రెండు చోట్ల. పట్టీల పొడవు సమానంగా లేకపోతే పోలికే చెడిపోతుంది. మూడు మడతలు సమానంగా రావాలంటే గట్టిగా నొక్కకుండా ముందు వదులుగా పాములా వంచి, అంచులు సరిచూసుకుని, అప్పుడు నొక్కాలి. ఈ చిన్న సంగతి చెప్పకపోవడం వల్లే చాలా క్లాసుల్లో మూడో వంతులు మూడు రకాలుగా వస్తాయి.

బోర్డు పని మీద ఇక్కడ గట్టిగా పట్టుబడతారు, బాగుంది. కొత్త సుద్దముక్క నిండు పొడవుతో రాస్తే వణికి కీచుమంటుంది, సగానికి విరిచి రాస్తే ఆ గోల ఉండదు. గీత కిందికి జారిపోవడానికి కారణం చేతిలో లేదు, కాళ్లలో ఉంది. నిలబడ్డ చోటే ఉండి చెయ్యి చాపుతూ పోతే చాపు చివర అక్షరాలు దిగిపోతాయి, రాసేకొద్దీ పక్కకి అడుగు వేయాలి. తెలుగుకు ఇంకోటి: ఒత్తులు కిందికి, గుడులు పైకి వెళ్తాయి కాబట్టి ఇంగ్లీషుకు వదిలినంత ఖాళీ వదిలితే పై వరస ఒత్తు, కింది వరస గుడి ఢీకొంటాయి. ‘రాష్ట్రం’ కింద ‘కీలకం’ రాయించి చూపిస్తారు. చివరి బెంచీ నుంచి చదివించి మార్కులేస్తారు.

లోపాలు రాసే కాగితంలో అభిప్రాయాలు రాయనివ్వరు, లెక్కలే. ఎన్ని ప్రశ్నలు వేసింది, ఎంతమంది పిల్లల్ని పేరుతో పిలిచింది, ‘అర్థమైందా’ అని ఎన్నిసార్లు అంది, ప్రశ్న వేసి ఎన్ని సెకన్లు ఆగింది. ‘అర్థమైందా’కు క్లాసంతా ‘అయ్యింది’ అని పాడటం తప్ప ఇంకేం రాదని మొదటి వంతులోనే తెలిసిపోతుంది. ఆగే సెకన్ల సంగతి ఇంకా తమాషా. ప్రశ్న వేసి ఒక్క సెకను కూడా ఆగకుండా జవాబు తనే చెప్పేయడం కొత్తవాళ్లకే కాదు, అనుభవం ఉన్న టీచర్లకూ అలవాటే. మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడవవుతాయి, మాట్లాడని పిల్లలు నోరు తెరుస్తారు. అమెరికా విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో చేసిన పరిశోధన తేల్చింది ఇదే. మనసులో ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టడం నేర్పుతారు. రెండో వంతుకే తేడా తెలుస్తుంది.

ఈ క్లాసులోనూ లోపాలు లేకపోలేదు. చర్చకు పెట్టిన ఆరు నిమిషాల్లో నాలుగు సారే మాట్లాడతారు. తోటివాళ్లు రాసిన లెక్కలు చదివే టైము మిగలదు. సిద్ధమయ్యే పన్నెండు నిమిషాలకు ఏ పనీ ఇవ్వకపోవడంతో ఫోన్లు బయటికొస్తాయి. ఆ టైములో మూడు ప్రశ్నలు మార్చి రాసుకోవాలని నియమం పెడితే రెండో పాఠం ఎంతో మెరుగవుతుంది. సెంటరు నియమం పెట్టకపోయినా మీ పిల్లకు మీరు చెప్పి పంపొచ్చు.

బోధన సామగ్రి కిట్ అని 900 రూపాయలకు అమ్ముతారు. ఫోమ్ షీట్లు, థర్మోకోల్ బంతులు, రంగుల అట్టలు. కొనకండి. చీపురు పుల్లలు, రబ్బరు బ్యాండ్లు, చింతగింజలు యాభై రూపాయల్లోపే వస్తాయి. పదేసి పుల్లల కట్టలు, పది కట్టల మోపు, విడిగా కొన్ని పుల్లలు. స్థానవిలువకు ఇంతకు మించింది లేదు. థర్మోకోల్ బంతిని పది బంతులుగా విప్పలేం, కట్టను విప్పొచ్చు. తీసివేతలో అప్పు తేవడం అర్థమయ్యేది ఆ విప్పడంలోనే.

కరపత్రంలో రాసిన ‘స్కూల్ విజిట్’ ఒక్కటే, అదీ ఒక పూట, ఫోటోల కోసం. ఇది ఎవరి ఇంటి దగ్గర వాళ్లు చేసుకోగల పని. మీ ఊరి ప్రాథమిక పాఠశాల హెడ్మాస్టరును అడిగితే సెలవుల్లో రెండు మూడు రోజులు వెనక బెంచీలో కూర్చోనిస్తారు. ఒకే పిల్లాణ్ణి రోజంతా గమనించి రాసుకుంటే చాలు.

ఈ సెంటరు పదో తరగతి పిల్లలకు కూడా ‘టీచర్ ఫౌండేషన్’ అని బ్యాచ్ పెట్టింది. వద్దు. పదహారేళ్లు నిండనివాళ్లను కోచింగ్ సెంటర్లు చేర్చుకోకూడదని కేంద్ర విద్యాశాఖ 2024 జనవరి మార్గదర్శకాల్లో ఉంది. కోర్సు మధ్యలో మానేస్తే మిగిలిన కాలానికి ఫీజు పది రోజుల్లో తిరిగివ్వాలనీ ఆ మార్గదర్శకాల్లోనే ఉంది. ఇక్కడి రసీదు మీద మాత్రం ‘కట్టిన ఫీజు తిరిగి ఇవ్వబడదు’ అని అచ్చు ఉంటుంది. మొత్తం ఒకేసారి కట్టకుండా రెండు వాయిదాలు అడగండి, ఇస్తారు.

డెమో క్లాసు చూడాలంటే ఆదివారమే వెళ్లండి. మామూలు రోజు వెళ్తే బిట్ల క్లాసు చూపించి పంపేస్తారు. విజయవాడ నుంచి వచ్చేవాళ్లకు ఆదివారం ఒక్కటే అయితే బస్సు ప్రయాణం పెద్ద కష్టం కాదు, రోజూ సాయంత్రాలంటే ఇంటర్ చదువు దెబ్బతింటుంది. చేరితే జులై బ్యాచ్‌లోనే చేరండి, డిసెంబరుకు అయిపోతుంది. అక్టోబరులో మొదలయ్యే బ్యాచ్‌కూ 24 ఆదివారాలు అని రాసిస్తారు గానీ, ప్రీఫైనల్స్, ప్రాక్టికల్స్, పబ్లిక్ పరీక్షలు అన్నీ దాని మధ్యలోనే పడతాయి. ఎనిమిది ఆదివారాలు పోతే పోయేది రెండు వంతులు, ఫీజు మాత్రం అంతే.